చార్మినార్ పై అంతస్తును సందర్శకులకు తెరవాలా?

గుల్జార్‌హౌజ్ బాటసారి:
ఊరి నుంచి వచ్చిన మేనల్లుళ్లను మొన్న చార్మినార్‌కు తీసుకువెళ్లాను. టికెట్లు కొని, తల వంచుకుని ఇరుకు మెట్లెక్కి మొదటి అంతస్తుకు చేరగానే చిన్నవాడు, "మామయ్యా, ఇంకా పైకి దారి ఉంది కదా, తాళం ఎందుకు వేశారు?" అని అడిగాడు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడంలో చూడవలసిన భాగం నిజానికి ఆ తాళం వెనుకనే ఉంది. పడమటి కొసన మసీదు, దాని ముందు ఆరుబయలు, మినార్ల లోపల మెలికలు తిరుగుతూ పైకి సాగే 149 మెట్లు. మొదటి అంతస్తు వరకే అనుమతించడం, పెళ్లికి పిలిచి పందిరి చూపించి పంపినట్లుంది. పై అంతస్తును తెరవాలని నా వాదన.

డంగుసున్నం:
తాళం ఎందుకు వేస్తారో తెలియాలంటే కుతుబ్ మినార్ సంగతి గుర్తు చేసుకోవాలి. 1981 డిసెంబరు 4న ఆ మినార్ మెట్ల మీద దీపాలు ఆరిపోయి, చీకటిలో తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు. ఆ తరువాత దాని లోపలికి సామాన్య సందర్శకులను రానివ్వడం లేదు. మెలిక మెట్లదారిలో ఒకరు జారితే వెనుకవారు ఆగలేరు, ముందువారు తప్పుకోలేరు. ఎంత మంచి కాపలా పెట్టినా ఆ ఇరుకు వెడల్పు కాదు.

రెండవ సంగతి కట్టడానిది. చార్మినార్ పైపూత సున్నపు గార. 2019 మే నెలలో ఒక మినార్ మీది గార నగిషీ పెచ్చు ఊడి కింద పడింది. ఎవరూ ఎక్కని భాగానికే ఆ గతి పడితే, రోజూ వందల చేతులు గోడలను ఆనుకుని, గోళ్లతో పేర్లు చెక్కితే ఏమవుతుంది? మొదటి అంతస్తు గోడలను ఒకసారి పరీక్షగా చూడండి. ప్రేమికుల పేర్లు లేని జానెడు చోటు దొరికితే చెప్పండి.

శాలిబండ పాఠకురాలు:
ఇద్దరూ మసీదును చూడవలసిన వస్తువుగానే మాట్లాడుతున్నారు. అది ప్రార్థన కోసం కట్టిన చోటు. తెరిచే మాట వస్తే చెప్పులు, దుస్తులు, ఫోటోల గురించిన కట్టుబాట్లు కూడా వెంట రావాలి. ఆ మాట పాతబస్తీలోని పెద్దలతో కూర్చుని తేల్చవలసినది, టికెట్ కౌంటరు దగ్గర తేలేది కాదు.

గుల్జార్‌హౌజ్ బాటసారి:
అమ్మా, మీ మాటకు ఎదురు లేదు. ఆ కోణం నాకు తట్టనేలేదు. డంగుసున్నం గారికి మాత్రం ఒక మనవి. ఇటలీలోని పీసా వాలు గోపురాన్ని 1990లో మూసి, ఏళ్ల తరబడి బాగుచేసి, 2001లో తిరిగి తెరిచారు. ఇప్పుడు అక్కడ వేళ నిర్ణయించిన టికెట్లతో, చిన్న గుంపులుగా మాత్రమే పైకి పంపుతారు. నేను మినార్ల కొస వరకూ ఎక్కనివ్వమని అడగడం లేదు. ఆ కోరికను ఇక్కడే వదులుకుంటున్నాను. మసీదు అంతస్తు వరకు, పురావస్తు శాఖ మనిషి తోడుగా, గంటకు పదిమందిని పంపడానికి కూడా అభ్యంతరమేనా?

డంగుసున్నం:
పదిమంది అంటే ఆలోచించవచ్చు. అయితే రంజాన్ రాత్రుల్లో ఆ నాలుగు కమానుల కింద ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు; ఆనాడు పదకొండవ మనిషిని ఆపే ధైర్యం ఎవరికి ఉంటుందో ఊహించలేను. పైగా మెట్ల మీద అరుగుదల ఎంత, గార ఎక్కడెక్కడ బోలుగా మోగుతోంది, వాన నీరు ఎటు దిగుతోంది అన్నవి ముందు పరీక్షించి జనం ముందు పెట్టాలి. ఆ కొలతలు చూశాక పది అనే అంకె ఐదు కావచ్చు, సున్నా కూడా కావచ్చు. సున్నా అయితే మీరు ఒప్పుకుంటారా?

గుల్జార్‌హౌజ్ బాటసారి:
ఒప్పుకుంటాను. కానీ ఆ కొలతలను తాళం మీద ఒక పలకగా వ్రేలాడదీయమంటాను, మా చిన్నవాడికి చదివి చెప్పడానికి.