ఫెర్రైట్‌లో ఐరన్ ఆక్సిడేషన్ స్టేట్: టైట్రేషన్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

నమస్తే అండీ. హన్మకొండలో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను. లాంథనం స్ట్రాన్షియం ఫెర్రైట్ (ఐరన్ ఉన్న ఒక ఆక్సైడ్) పౌడర్‌ని బిళ్లలుగా నొక్కి 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర సింటరింగ్ (కరగకుండా కాల్చి గట్టిపరచడం) చేస్తున్నాం. అందులో ఐరన్ ఆక్సిడేషన్ స్టేట్ (దాని ఛార్జ్ లెక్క) ఎంత భాగం 3+గా, ఎంత భాగం 4+గా ఉందో తేల్చాలి.

ప్రస్తుతానికి అయోడోమెట్రీ (విడుదలైన అయోడిన్‌ని కొలిచే టైట్రేషన్) చేస్తున్నాను. యాసిడ్‌లో కరిగిస్తే 3+, 4+ రెండూ అయోడైడ్‌తో కలిసి 2+కి దిగుతాయి. విడుదలైన అయోడిన్‌ని థయోసల్ఫేట్‌తో కొలిచి ఐరన్ సగటు వాలెన్స్ (ఆక్సిడేషన్ స్టేట్) లెక్కేస్తున్నాను. గాలి కూడా అయోడైడ్‌ని ఆక్సిడైజ్ చేస్తుంది కాబట్టి ఫ్లాస్క్‌లోకి నైట్రోజన్ పంపుతూనే ఉన్నా, ఒకే బ్యాచ్ రీడింగులు కలవడం లేదు. ఇంకేం చూసుకోవాలి?

అసలు టెన్షన్ వేరే ఉంది. ఫర్నేస్ నెమ్మదిగా చల్లారేటప్పుడు శాంపిల్ గాలిలోంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. అప్పుడు నేను కొలిచేది 1200 దగ్గరి స్థితి కాదు కదా! క్వెంచ్ చేస్తే (ఒక్కసారిగా చల్లారిస్తే) బిళ్ల పగులుతోంది. ఎలాగూ పొడి చేసేదే, పగిలినా పరవాలేదా?

ఎక్స్‌పీఎస్ (ఎక్స్-రే ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ) పైపొరనే చూస్తుంది, అందుకే వద్దనుకున్నాను. మాస్‌బావర్ స్పెక్ట్రోస్కోపీ (గామా కిరణాలతో ఐరన్ స్థితిని చూసే పద్ధతి) మీదే నాకు నమ్మకం. కానీ మామూలు గది ఉష్ణోగ్రతలో ఎలక్ట్రాన్లు ఐరన్ల మధ్య వేగంగా దూకితే సగటు సిగ్నలే వస్తుంది. బాగా చల్లబరిచి తీయించాల్సిందేనా? హైదరాబాద్ చుట్టుపక్కల బయటి విద్యార్థుల శాంపిళ్లు తీసుకునే ల్యాబ్ తెలిస్తే దయచేసి చెప్పండి.