క్రెడిట్‌ కార్డు పాయింట్లు: మైల్స్‌గా ఇప్పుడే మార్చాలా, సీటు చూశాక మార్చాలా? (శంషాబాద్‌–సింగపూర్‌)

భద్రకాళి గట్టు: ఎండాకాలం సెలవులకు సింగపూర్‌, నలుగురికి ఎకానమీ. బ్యాంకు పాయింట్లు క్రిస్‌ఫ్లైయర్‌కు (సింగపూర్‌ ఎయిర్‌లైన్స్‌ మైల్స్‌ పథకం) ఇప్పుడే మార్చి పెట్టుకోవాలా? ఇంట్లవాళ్ల పేర్ల మీద టికెట్లు ఎట్ల తీయాలె? అప్పటిదాకా ఏ కార్డు వాడితే మంచిది?

మానేరు డ్యాం: సీటు చూడకుండా మార్చకండి. ఎయిర్‌లైన్‌ ఖాతాలోకి పోయిన పాయింట్లు మళ్లీ బ్యాంకుకు రావు, పైగా 36 నెలల గడువు మొదలవుతుంది. సింగపూర్‌ ఎయిర్‌లైన్స్‌ ప్రయాణానికి 355 రోజుల ముందు సీట్లు తెరుస్తుంది. సేవర్‌ రేటుకు (తక్కువ మైల్స్‌కు ఇచ్చే సీట్లు) ఒకే ఫ్లైట్‌లో నాలుగు దొరకడం కష్టం, ఇద్దరిద్దరికి వెతకండి. దాని పై రేటైన అడ్వాంటేజ్‌కు తొందరపడొద్దు, మైల్స్‌ చాలా ఎక్కువ పోతాయి.

కాజీపేట జంక్షన్‌: సగమే చెప్పిండ్రు. ట్రాన్స్‌ఫర్‌ ఒక్కోసారి గంటల్ల పడ్తది, ఒక్కోసారి రోజులు పడ్తది. గా లోపల సేవర్‌ సీటు పోతే ఎవలు జవాబు? తేదీలు ఖాయమైతే ముందుగాల్నే మార్చుకోవాలె.

ఎనుమాముల యార్డు: గివన్నీ తర్వాత. ముందు పాయింట్లు ఎట్ల జమ అయితయో సూడుర్రి. హన్మకొండల బంగారం షాపుకు పోతే కార్డు అనంగనే 2 శాతం ఎక్కువ అడుగుతుండ్రు. గది ఇచ్చి మైల్స్‌ సంపాదించుడు శుద్ధ దండుగ.

ఖని ఓపెన్‌కాస్ట్‌: లెక్క వేసి మాట్లాడండి. 150 రూపాయలకు 5 పాయింట్లు ఇచ్చే కార్డు మీద లక్ష గీకితే 3,330 పాయింట్లు. ఎక్కువ ఇచ్చింది 2,000. పాయింటు 60 పైసలకు పడ్డది. అదే పాయింటు టికెట్‌లో రూపాయి విలువ చేస్తే లాభమే కదా?

ఎనుమాముల యార్డు: గసొంటి కార్డు ఎంతమందికిస్తరు? నూటికి ఒక్క పాయింటు ఇచ్చే కార్డులే ఎక్కువ. లక్షకు 1,000 పాయింట్లు, అంటే ఒక్కోటి 2 రూపాయలు! మర్చంట్‌ ఛార్జీ (కార్డు తీసుకున్నందుకు బ్యాంకు కోసే రుసుము) షాపోడు భరించాలె, మనం కాదు. గా 2 శాతం బిల్లు మీద రాయమంటే ఒక్కడు రాయడు. రాస్తే స్లిప్పుతోని కలిపి బ్యాంకుకు ఫిర్యాదు పెట్టొచ్చు.

ఖని ఓపెన్‌కాస్ట్‌: నేను కార్డు టర్మ్స్‌లో ప్రతి సవరణా చదివేవాణ్ని, నాకు చెప్పకండి. 2 శాతం కన్నా పెద్ద దెబ్బ మెషిన్‌ కేటగిరీ కోడ్‌, అంటే అది ఏ రకం వ్యాపారమో బ్యాంకుకు చెప్పే నంబరు. వాలెట్‌ నింపితే 6540, కిరాయి అయితే 6513. చాలా కార్డులు వీటికి పాయింట్లు ఇవ్వవు. పెట్రోల్‌కూ అంతే, 1 శాతం సర్‌ఛార్జీ మాఫీతో సరి. యాప్‌లల్ల ఇంటి కిరాయి కట్టుడైతే 2025 సెప్టెంబర్‌ ఆర్‌బీఐ నిబంధనలతో చాలావరకు ఆగిపోయింది. ఇంకోటి, ఆ 150కి 5 పాయింట్ల కార్డు మీద 290 రూపాయల బిల్లులో ఒక్క 150కే లెక్క, మిగిలిన 140 గాలికి.

కాజీపేట జంక్షన్‌: విమానం ఏడాదికోసారి, రైలు నెలనెలా. ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ కార్డుతో ఏసీ టికెట్‌ తీస్తే 10 శాతం దాకా పాయింట్లు, పాయింటుకు రూపాయి. నాగ్‌పూర్‌ వందే భారత్‌ కాజీపేటల ఆగుతది, దాని చైర్‌కార్‌ గూడ లెక్కకొస్తది. స్లీపర్‌కు రాదు.

మానేరు డ్యాం: అడిగింది సింగపూర్‌ గురించి, రైలు గురించి కాదు!

కాజీపేట జంక్షన్‌: మన వరంగల్‌ మామునూరు విమానాశ్రయం తయారయ్యేదాకా శంషాబాద్‌కు పోవుడు గూడ ఖర్చే. గది లెక్కల కలపరేంది?

రామప్ప దారి: పేర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. క్రిస్‌ఫ్లైయర్‌లో మీ మైల్స్‌తో వేరేవాళ్లకు టికెట్‌ తీయాలంటే వాళ్లను ముందుగా ఖాతాలో రిడెంప్షన్‌ నామినీలుగా (మీ మైల్స్‌ వాడుకోగలవాళ్లుగా) చేర్చాలి, ఐదుగురే. మన దగ్గర ఇంటిపేరు కార్డు మీద ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఎయిర్‌లైన్‌ ఖాతా పాస్‌పోర్టు ప్రకారమే తెరవండి. బ్యాంకులో పేరు తేడా ఉంటే ట్రాన్స్‌ఫర్‌ నొక్కకముందే కేవైసీలో సరిచేయించండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్‌ గడి ఖాళీగా ఉందా, ఎయిర్‌లైన్‌ హెల్ప్‌లైన్‌ను అడిగాకే ఖాతా తెరవండి.

భద్రకాళి గట్టు: మా ఆవిడ పాస్‌పోర్టుల సర్‌నేమ్‌ ఖాళీనే. రేపే ఫోన్‌ చేస్త. పన్నులు మైల్స్‌తోనే పోతయా?

రామప్ప దారి: మామూలుగా పోవు, పన్నులు కార్డుతోనే కడతారు. విదేశీ కరెన్సీలో పడితే చాలా కార్డుల మీద 3.5 శాతం మార్కప్‌ (బ్యాంకు వేసే అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4.13 శాతం. 2 శాతం మార్కప్‌ ఉన్న కార్డయితే 2.36. ఆ కార్డే వాడండి.