ఇండియన్ డర్బీలో గుర్రం చివరిదాకా నిలబడుతుందో లేదో ఎలా పసిగట్టాలి?

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి మొదటి ఆదివారం ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సులో జరిగే ఇండియన్ డర్బీ అనే పెద్ద గుర్రప్పందేనికి మా మామయ్యగారిని తీసుకెళ్తున్నాను. ఆయన ఏళ్ల తరబడి హైదరాబాద్ మలక్‌పేటలో రేసులు చూసిన మనిషి. పందెం కాయడానికి కాదు, మంచి గుర్రాలను దగ్గర్నుంచి చూడాలని ఆశ.

మామూలు హ్యాండిక్యాప్ రేసుల్లో రేటింగ్ ఎక్కువున్న గుర్రం ఎక్కువ బరువు మోస్తుంది, అది తెలుసు. డర్బీలో అలా కాదు. మగ గుర్రాలన్నిటికీ 57 కిలోలు, ఆడ గుర్రాలకు ఒకటిన్నర కిలో తగ్గింపు. పైగా 2400 మీటర్లు. ఇందులో పరుగెత్తేవన్నీ నాలుగేళ్ల గుర్రాలే, చాలావాటికి ఆ దూరమే కొత్త. 1600 మీటర్ల గినీస్ అనే రేసులో దుమ్ము రేపిన గుర్రం ఇక్కడ ఆఖరి 400 మీటర్లలో తేలిపోతుందేమో రేస్ కార్డు (ఆ రోజు పరుగెత్తే గుర్రాల వివరాలుండే పుస్తకం) చూసి చెప్పగలమా? తల్లిదండ్రుల వంశం చూడాలా, పాత రేసుల్లో చివర్లో ఎలా పరుగెత్తిందో చూడాలా? నాకైతే రెండోదే నమ్మకంగా అనిపిస్తుంది.

ప్యాడాక్‌లో, అంటే రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపించే ఆవరణలో, తిప్పేటప్పుడు మెడ మీద, వెనక కాళ్ల మధ్య తెల్లగా నురగలా చెమట పడితే గుర్రం టెన్షన్‌లో ఉన్నట్టేనని మామయ్యగారు అంటారు. ముంబై ఉక్కపోతలోనూ ఆ లెక్క పనిచేస్తుందా?

ఆయనకు మోకాళ్ల నొప్పులు. ప్యాడాక్ కనిపించేలా కూర్చునే చోటు ఎక్కడుంటుందో, ఎన్నింటికల్లా చేరుకోవాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.