అప్‌డేట్: సరిహద్దు పోస్టుకి ఆవకాయ పార్సిల్ చేరింది

లద్దాఖ్ వైపు 18,000 అడుగుల ఎత్తున ఉన్న పోస్టులో మావాడికి ఆవకాయ, పొడులు ఎలా పంపాలని అడిగాను కదా. చేరాయి, కానీ అన్నీ కాదు.

అడ్రసులో పోస్టున్న చోటి పేరు రాయొద్దని మీలో కొందరన్న మాట నిజమే. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), 9తో మొదలయ్యే ఆరంకెల పిన్, అంతే. ప్రైవేటు కొరియర్‌కి ఈ అడ్రసు పనికిరాదు, పోస్టాఫీసుకే వెళ్లాలి. పవర్ బ్యాంకు, లైటర్ కౌంటర్ దగ్గరే తీసేయమన్నారు. విమానంలో వెళ్లే సరుకు మరి.

దెబ్బతిన్నది చిప్స్ ప్యాకెట్లు. అంత ఎత్తున గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో సుమారు సగమే, లోపలి గాలి ఉబ్బి అతుకులు విడిపోయాయి. ఆవకాయ మాత్రం బతికింది: నూనె వంచేసి, గాలి పిండి, రెండు మందపాటి కవర్లలో వేసి, పైన ప్లాస్టిక్ డబ్బా. గాజు సీసా వద్దే వద్దు. చలికి మిగిలిన నూనె గడ్డకట్టిందట; బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) పక్కన కాసేపు పెడితే సరి.

ఈసారి బియ్యపు రవ్వ బదులు పేలాలు, వేయించిన అటుకులు పంపుతున్నా. అక్కడ నీళ్లు 82 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకుండా రవ్వ ఓ పట్టాన ఉడకదు. కరివేపాకు పొడికి మాత్రం పోస్టంతా వాటాదారులేనట, అరకిలో చాలలేదు.