పాత విల్లీస్ జీపు: ఎడమ చక్రాలకి నట్లు ఎక్కడం లేదు

పర్లాకిమిడి జీపు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి మహీంద్రా విల్లీస్, సీజే-3బి, ఎత్తు బానెట్‌ది. గజపతి కొండ రోడ్ల మీద కాంట్రాక్టు పనులకి తిరిగి తిరిగి షెడ్డు చేరింది, మళ్లీ రోడ్డెక్కిద్దామని మొదలుపెట్టాను. ఇంజను పని అయింది గానీ చక్రాల నట్ల దగ్గర ఆగిపోయాను. ఒక్కో చక్రానికి ఐదు, అన్నీ కలగాపులగం. బరంపురంలో కొన్న కొత్త సెట్టు కుడి పక్క చక్కగా ఎక్కింది. ఎడమ పక్క వెనక చక్రంలో ఒక్క స్టడ్డుకి (నట్టు ఎక్కే బోల్టు) తప్ప దేనికీ పట్టడం లేదు, ఆ ఒక్కటీ ఎక్కుతుంది గానీ ఊగుతోంది. స్టడ్లు అరిగాయి, డై (మర కోసే పనిముట్టు) వేసి మర మళ్లీ కోసేద్దాం అంటున్నాడు మెకానిక్. కోయించమంటారా?

బరంపురం నుంచి:
అన్నా, ముందు ఆ డై పని ఆపించండి. మీ స్టడ్లు అరగలేదు, ఆ పాత జీపులకి ఎడమ పక్క చక్రాలకి ఎడమ మరే ఉంటుంది. బండి ముందుకు పోతుంటే నట్టు తనంతట తాను వదులవకూడదని అలా పెట్టేవారు, అమెరికాలో క్రైస్లర్ కార్లకి కూడా చాలా ఏళ్లు ఇదే పద్ధతి. స్టడ్డు కొసని వైర్ బ్రష్‌తో రుద్దండి, తుప్పు పోతే ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం కనిపించాలి. కనిపించకపోతే స్టడ్డు కొస పైకి ఉన్నట్టు పెట్టి చూడండి, మర గీతలు ఎడమకి ఎగబాకుతుంటే ఎడమ మర. సైజు అర అంగుళం, అంగుళానికి 20 చుట్లు. విప్పాలంటే పానా కుడికి తిప్పాలి, ఇది తెలియక పైపు తొడిగి బలం పెడితే స్టడ్డు తెగి చేతిలోకొస్తుంది.

జయపురం:
పైన చెప్పింది కరెక్టే. కానీ రోజూ తిరిగే బండైతే నా మాట వేరు. ఎడమ చక్రాలు రెండింటికీ స్టడ్లు మార్చి మొత్తం మామూలు మర పెట్టించుకోండి. ఘాట్ మధ్యలో పంక్చరైతే టైరు షాపు కుర్రాడికి ఎడమ మర సంగతి ఎవరు చెప్తారు? మేం మా బండికి అదే చేయించాం. ఉన్న మర మీద తిరుగు మర మాత్రం కోయించొద్దు, పట్టు ఉండదు.

రాయగడ:
నాకు భయమేసింది ఆ ఊగే నట్టు గురించి చదివి. ఎవరో ఎప్పుడో మామూలు మర ఉన్న 12 మిల్లీమీటర్ల స్టడ్డు దిగ్గొట్టి ఉంటారు. అర అంగుళం అంటే 12.7, 1.25 పిచ్ (మర గీతల మధ్య దూరం) ఉన్న 12 ఎంఎం స్టడ్డు మీద మన నట్టు దాదాపు అదే మరలా ఎక్కేస్తుంది, అంచులు మాత్రమే పట్టుకుంటాయి. బిగించినప్పుడు బిగిసినట్టే ఉంటుంది, దిగుడులో ఊడుతుంది. వెర్నియర్ కాలిపర్ పెట్టి స్టడ్డు మందం కొలవండి. నట్లకి ఐతే కలకత్తా మల్లిక్ బజార్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అడగండి, పాత నట్టూ స్టడ్డూ చేతిలో పట్టుకుని వెళ్లాలి, నోటితో చెప్తే ఏదో ఒకటి అంటగడతారు. లేత్‌లో మెత్తటి ఇనుముతో చేయించడం వద్దు. కోన్, అంటే రిమ్ములో కూర్చునే నట్టు ఏటవాలు ముఖం కూడా చూడండి, రిమ్ము రంధ్రంలో నీలం రంగు పూసి నట్టు బిగించి విప్పితే చుట్టూ ఒకే గీత పడాలి, రెండు మూడు చోట్లే పడితే ఆ నట్టు పనికిరాదు.

పర్లాకిమిడి జీపు:
రుద్ది చూశాను, నాలుగింటికి ‘ఎల్’ ఉంది, ఐదోది నున్నగా ఉంది, కొలిస్తే 12కి కొంచెం లోపే. మీ అందరికీ దణ్ణం. బండిని అసలు రూపంలోనే ఉంచాలని నా ఆశ, అందుకే ఎడమ మరే వెతుకుతాను. ఆ ఐదో స్టడ్డు ప్రెస్సులో పెట్టి తోసేయొచ్చా?

బరంపురం నుంచి:
నేరుగా తోయొద్దన్నా. స్టడ్డు మెడ దగ్గర లోహాన్ని అణిచి హబ్బుకి (చక్రం బిగించే మధ్య భాగం) బ్రేకు డ్రమ్ముని పట్టించి ఉంటారు, ముందు ఆ అంచు కోసి తీయాలి, లేకపోతే హబ్బు రంధ్రం పెద్దదై కొత్త స్టడ్డు నిలవదు. కొత్త స్టడ్డు ఒకటి తెచ్చుకునేటప్పుడే రెండు స్పేర్ కొనండి.