1976 నాటి గుహ ఆటను అసలు రూపంలో ఆడడం ఎలా?

అక్షరాలతోనే నడిచే తొలి సాహస ఆట ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ను మా అమ్మాయికి చూపించాలని నా కోరిక. విల్ క్రౌథర్ దాన్ని తన ఇద్దరు కూతుళ్ల కోసమే ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. కెంటకీలోని మామత్ గుహల్లో తిరిగి, కొలిచి, పటాలు గీసిన మనిషి కాబట్టే ఆ వర్ణనల్లో రాతి చల్లదనం తగులుతుంది. 1977లో డాన్ వుడ్స్ పెంచిన రూపం (గరిష్ఠ స్కోరు 350 పాయింట్లు) సులువుగానే దొరికింది, చాలా బాగుంది కూడా. కానీ నాకు కావలసింది అంతకుముందుది.

దాని ఫైళ్లు దింపుకున్నాను. ఆ కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగేలా మార్చే నేటి కంపైలర్ మాత్రం వరుసగా తప్పులు చూపిస్తోంది. ఆ ఆట మొదట నడిచిన పాత కంప్యూటర్ పీడీపీ-10లో, మెమరీలోని ఒక్కో 36 బిట్ల గడిలో (‘వర్డ్’లో) ఐదు అక్షరాలు పట్టేవి. చిక్కు అక్కడే ఉందనుకుంటున్నాను. లినక్స్‌లో దీన్ని నడిపినవారు ఎవరైనా ఉన్నారా? కోడ్ సవరించాలా, పీడీపీ-10 ఎమ్యులేటర్ (ఆ పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం) పెట్టుకోవడమే మేలా? దయచేసి చెప్పండి.