‘లడ్డైట్’ అంటే యంత్రద్వేషి అనొచ్చా?

ప్రశ్న: ‘లడ్డైట్’కి తెలుగు వ్యాసాల్లో ‘యంత్రద్వేషి’ అని కనిపిస్తోంది. ఇంగ్లండు పారిశ్రామికీకరణ మీద పాఠంలో అదే వాడొచ్చా? (లడ్డైట్ అని వదిలేస్తే పిల్లలకు లడ్డూ గుర్తొస్తుందేమోనని భయం.)

జవాబు: వద్దండీ. లడ్డైట్లలో మొదటగా 1811లో నాటింగ్‌హామ్‌షైర్‌లో మరలు విరగ్గొట్టినవాళ్లు మేజోళ్లు అల్లేవాళ్లు. విలియం లీ మేజోళ్ల మర 1589 నాటిది, అంటే ఆ వృత్తి రెండు వందల ఏళ్లుగా మర మీదే బతుకుతోంది. తగువంతా ‘కట్-అప్’ల దగ్గర వచ్చింది.

పద్ధతైన మేజోడును కాలి ఆకారాన్నిబట్టి అల్లిక పెంచుతూ, తగ్గిస్తూ దింపుతారు. రెండు పక్కలా అంచు పడుతుంది. అలా కాకుండా వెడల్పు మర మీద పెద్ద గుడ్డ అల్లేసి, కత్తెరతో ముక్కలు కోసి కుట్టేస్తే (అదే కట్-అప్) పని చప్పున తెమిలిపోతుంది. కాని కోసినచోట అంచు ఉండదు, కుట్టు కాస్త వదిలిందంటే అల్లిక వరసలకు వరసలే జారిపోతుంది. ఆ నాసిరకంతో మంచి మేజోడు ధర కూడా పడిపోయింది. పైగా పని సరిగా నేర్వనివాళ్లను తక్కువ కూలికి పెట్టుకోవడం. మరలు చాలావరకు పనివాడి సొంతం కావు. పని ఉన్నా లేకున్నా వారం వారం అద్దె కట్టాల్సిందే. అందుకే సరైన రేటు ఇచ్చేవాడి మరను ముట్టుకోకుండా, కట్-అప్‌లు చేయించేవాడి మరనే విరిచారు. ద్వేషమే అయితే ఈ ఏరివేత ఎందుకు?

మరో జవాబు: నాటింగ్‌హామ్ వరకు ఒప్పుకుంటా. యార్క్‌షైర్ సంగతి వేరు. అక్కడ క్రాపర్లు ఉన్ని గుడ్డ మీద నూగును ముళ్లకాయలతో పైకి లేపి, సుమారు 18 కిలోల కత్తెరతో సమంగా కత్తిరించేవారు. పనివాళ్లలో కాస్త పైమెట్టువాళ్లు, మంచి కూలి అడిగి తీసుకోగలిగినవాళ్లు. కత్తెర మర వచ్చి సరిగ్గా ఆ నేర్పునే తీసేసింది. కాబట్టి వాళ్ల కోపం మర మీద కూడా ఉంది. మార్స్‌డెన్ కమ్మరి ఈనాక్ టేలర్ ఆ మరలు చేసేవాడు. విరగ్గొట్టే సమ్మెటకూ ఆయన పేరే పెట్టి, ‘ఈనాక్ చేశాడు, ఈనాకే విరుస్తాడు’ అనేవారట. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే!

లాంకషైర్ నేతగాళ్లది మూడో రకం. బ్రిటన్‌లో 1813లో మరమగ్గాలు సుమారు 2,400 ఉంటే 1833కి లక్ష దాకా అయ్యాయి. వాటి దగ్గర ఎక్కువగా ఆడవాళ్లు, చిన్నవయసువాళ్లు చేరారు. ఇంట్లో మగ్గం నేసే మగవాడి కూలి ఏటికేడు కరిగింది. మిల్లు యజమానులు మాత్రం కొత్త ధనికవర్గంగా లేచారు. రాజ్యం ఎటు నిలబడిందో చట్టమే చెబుతుంది. 1812లో మర విరవడాన్ని మరణశిక్ష నేరం చేశారు. పార్లమెంటు ప్రభువుల సభలో కవి బైరన్ కాదన్నా ఆగలేదు. 1813 జనవరిలో యార్క్‌లో 17 మందిని ఉరితీశారు. ఇన్ని రకాల బతుకుల్ని ‘ద్వేషి’ అనే ఒక్క మాటలో కుక్కడం అన్యాయం.

ఇంకో జవాబు: మాట సంగతికొస్తే, ‘యంత్రం’ కన్నా ‘మర’ మేలు. మరమగ్గం, మరబియ్యం, పిండి మర ఆడించడం అన్నీ మన నోట్లో ఉన్నవే. దంపుడు బియ్యం పోయి మరబియ్యం వచ్చినప్పుడు కూలికి దంచే ఆడవాళ్ల పని పోయింది కనుక, పాఠంలో ఆ పోలిక కూడా పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘మరభంజకులు’?

ఇంకో జవాబు: అది వైరిసమాసం, మర తెలుగు, భంజకుడు సంస్కృతం. వినడానికీ శివధనుర్భంగంలా ఉంది. మొదటిసారి ‘మరలు విరిచినవాళ్లు (లడ్డైట్లు)’ అని రాసి, తర్వాత లడ్డైట్లు అనే ఉంచండి. వాళ్ల బెదిరింపు ఉత్తరాల కింద ‘నెడ్ లడ్’ అని సంతకం ఉండేది, అసలు అలాంటి మనిషి ఉన్నాడనడానికి ఆధారం లేదు. అందుకని ‘లడ్ అనుచరులు’ అని మాత్రం రాయకండి, నిజంగా ఒక నాయకుడు ఉన్నాడనుకుంటారు. కొత్త ఫోనంటే మొహం తిప్పుకునేవాణ్ణి ఇప్పుడు లడ్డైట్ అంటున్నారు చూడండి, ‘యంత్రద్వేషి’ అక్కడ వాడుకోండి.